వాషింగ్ మెషీన్ మోత పెడుతోందా? మెకానిక్‌ని పిలిచే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి

మెషీన్ స్పిన్‌లోకి వెళ్లగానే గిన్నెల స్టాండు కూడా గలగలమంటుంటే ఎవరికైనా టెన్షనే. చూడ్డానికి వచ్చినవాళ్లు తలుపు దగ్గర నిలబడే "బేరింగ్ పోయుంటుందండీ" అనేస్తారు. బేరింగులు పోవడం నిజమే, దానికయ్యే ఖర్చూ ఎక్కువే. కానీ నేను చూసినంతలో మన ఇళ్లల్లో ఈ మోతకి కారణం ఎక్కువగా మెషీన్ బయటే ఉంటుంది. నేల వాలు, స్టాండు, లోపల వేసిన బట్టల తీరు, కాకపోతే పంపులో ఇరుక్కున్న జాకెట్టు హుక్కు. ఒక పానా, ఒక టార్చిలైటు, పాత తువ్వాలు, వెడల్పాటి పళ్లెం ఉంటే ఇవన్నీ మీరే చూసుకోవచ్చు. అందుకే పైసా ఖర్చు లేనివి ముందు, విప్పాల్సినవి చివర చెప్తాను. ఈ వరస తప్పొద్దు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. చెయ్యి లోపల పెట్టే ప్రతిసారీ స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకేయాలి. మెషీన్లు ఉండేది బాత్రూమ్‌లోనో, బాల్కనీలోనో, వంటింటి వెనక వాష్ ఏరియాలోనో. అక్కడ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. చెప్పులు వేసుకోండి, కుళాయి కట్టేయండి. వేడినీళ్ల ప్రోగ్రామ్ నడిచి ఉంటే గంటైనా ఆగండి. ఫ్రంట్ లోడ్ మెషీన్‌ని ఒక్కరే వంచొద్దు. లోపల టబ్‌కి, అంటే డ్రమ్ చుట్టూ నీళ్లు పట్టి ఉంచే తొట్టికి, కాంక్రీటు దిమ్మలు బిగించి ఉంటాయి, చాలా మోడళ్ల మొత్తం బరువు 60 కిలోలు దాటుతుంది.

శబ్దం ఎప్పుడు వస్తోంది?

శబ్దం ఎలా ఉందన్నదానికన్నా ఎప్పుడు వస్తోందన్నదే ఎక్కువ సంగతి చెప్తుంది. ఒక పూట మెషీన్ పక్కన కుర్చీ వేసుకుని పూర్తి సైకిల్ వినండి. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. మెకానిక్ వచ్చినప్పుడు మెషీన్ బుద్ధిమంతురాలిలా తిరగడం అందరిళ్లల్లోనూ జరిగేదే, అప్పుడు ఆ వీడియో పనికొస్తుంది.

నీళ్లు పట్టేటప్పుడు బర్రుమంటే ఇన్లెట్ వాల్వు, పైపు చూడాలి. ఉతికేటప్పుడు, డ్రమ్ మెల్లగా తిరుగుతుండగా టకటక, గరగర వినిపిస్తే ఏదో లోపల పడింది. నీళ్లు వదిలేటప్పుడు మాత్రమే కటకటలాడితే పంపు. స్పిన్‌లో దబదబ బాదితే బరువు ఒకవైపు చేరింది, లేదా మెషీన్ సరిగ్గా నిలబడలేదు, లేదా షాక్ అబ్జార్బర్లు పోయాయి. స్పిన్ వేగంతో పాటు పెరుగుతూ పోయే హోరు అయితే బేరింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. వేగం అందుకునేటప్పుడు కీచుమని అరిచి, రబ్బరు కాలిన వాసన వస్తే బెల్టు.

అసలు జబ్బే కాని శబ్దాలూ ఉన్నాయి. నీళ్లు అయిపోవచ్చినప్పుడు పంపు గాలి పీల్చి గుర్రుగుర్రుమంటుంది. టాప్ లోడ్‌లో ఉతుకు అయ్యి స్పిన్‌కి మారేటప్పుడు 'టక్' మంటుంది, అది క్లచ్ మారడం. ఇన్వర్టర్ మోటార్లు సన్నగా ఈల వేసినట్టు పాడతాయి. టాప్ లోడ్ డ్రమ్‌ని చేత్తో తిప్పితే పై అంచులో నీళ్లు గలగల కదులుతాయి. లోపల నీళ్లు నిలిచిపోయాయని కంగారు పడొద్దు. ఆ రింగులో ఉప్పునీళ్లు పోసి మూసేస్తారు, స్పిన్‌లో బరువు సర్దడానికే అది.

మూడు చిన్న పరీక్షలు

మొదటిది, బట్టలన్నీ తీసేసి ఖాళీగా స్పిన్ ఒక్కటే వేయండి. ఖాళీగా నిశ్శబ్దంగా తిరిగిందంటే తప్పు బట్టల్లోనో, అవి సర్దిన తీరులోనో ఉంది, కాళ్లు కూడా ఒకసారి చూడాలి. ఖాళీగా కూడా అదే మోత వస్తే బట్టల సంగతి వదిలేసి ముందుకు వెళ్లొచ్చు.

రెండోది, ప్లగ్గు తీసేసి డ్రమ్‌ని చేత్తో మెల్లగా తిప్పండి. టీవీ ఆపేసి, చెవి దగ్గరగా పెట్టి వినండి. గరుకుగా, లోపల ఇసుక ఉన్నట్టు తగిలితే బేరింగ్. ఒక చుట్టులో ఒకేచోట టిక్కుమంటే ఏదో వస్తువు గీసుకుంటోంది. బెల్టు లేని డైరెక్ట్ డ్రైవ్ మెషీన్లలో డ్రమ్ చేతికి అంచెలంచెలుగా ఆగి ఆగి తిరిగినట్టు అనిపిస్తుంది, అది మోటార్ అయస్కాంతాల వల్ల.

మూడోది, మెషీన్ పైభాగాన్ని ఎదురెదురు మూలల దగ్గర ఒకటి తర్వాత ఒకటి గట్టిగా నొక్కండి. ఏ మూల నొక్కినా కొంచెం కూడా ఊగకూడదు. ఊగిందంటే సగం జవాబు దొరికినట్టే.

బట్టల దగ్గరే తేలిపోయేవి

ఒక్క షోలాపూర్ దుప్పటి, లేదా రెండు జీన్సులు మాత్రమే వేసి స్పిన్ పెడితే ఏమవుతుందో లెక్క కట్టి చూద్దాం. డ్రమ్ వ్యాసం 48 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 1200 చుట్లు అనుకోండి. ఒకవైపు అర కిలో బరువు ఎక్కువైతే, ఆ వేగంలో అది డ్రమ్‌ని బయటికి లాగే బలం దాదాపు 190 కిలోల బరువుకి సమానం. అది సెకనుకి 20 సార్లు దిక్కు మారుతూ తిరుగుతుంది. వేగం సగానికి తగ్గిస్తే ఈ బలం నాలుగో వంతుకి పడిపోతుంది. దుప్పట్లు, పరుపు కవర్లు వేసినప్పుడు స్పిన్ వేగం 600, 800 దగ్గర పెట్టమనేది అందుకే. బట్టలు కాస్త తడిగా వస్తాయంతే, ఎలాగూ మన ఎండలో ఆరిపోతాయి.

ఇప్పటి మెషీన్లు ఈ తేడాని కనిపెట్టి, స్పిన్ ఆపి, బట్టలు అటూ ఇటూ పొర్లించి మళ్లీ ప్రయత్నిస్తాయి. కుదరకపోతే కోడ్ చూపిస్తాయి. ఎల్‌జీలో యూఈ, శాంసంగ్ కొత్త మోడళ్లలో యూబీ అని వస్తుంది. ఆ కోడ్ వచ్చినప్పుడు మెషీన్ పాడైందనుకోనక్కర్లేదు. తెరిచి బట్టలు విడదీసి, ముద్దలా చుట్టుకున్న చీరని విప్పి, చుట్టూ సమానంగా పరచండి. ఒక్కటే పెద్ద దుప్పటి అయితే రెండు తువ్వాళ్లు తోడు వేయండి. దుప్పటి కవర్‌లోకి చిన్న బట్టలన్నీ దూరి మూటకట్టుకోవడం ఇంకో తంటా. కవర్ జిప్పు వేసి, తిరగేసి వేస్తే అది తప్పుతుంది.

రెయిన్‌కోటు, టార్పాలిన్, నీళ్లు దిగని పరుపు కవరు లాంటివి మాత్రం స్పిన్‌లో వేయనేవద్దు. నీళ్లు గుడ్డలోంచి బయటికి పోలేక సంచిలా నిలిచిపోయి, వేగం అందుకున్నాక ఒక్కసారిగా పక్కకి ఒరుగుతాయి. మెషీన్ ఎగిరిపడి తలుపు ఊడొచ్చేది ఇలాంటప్పుడే. రబ్బరు అడుగున్న డోర్ మ్యాట్లదీ కొంచెం ఇదే తీరు.

కొత్త మెషీన్, లేదా ఇల్లు మారాక

ఫ్రంట్ లోడ్ మెషీన్ వెనకవైపు మూడో నాలుగో పొడవాటి బోల్టులుంటాయి. దారిలో డ్రమ్ ఊగకుండా ఫ్యాక్టరీలో బిగిస్తారు, ఇంట్లో పెట్టగానే తీసేయాలి. తీయకపోతే మొదటి స్పిన్‌లోనే మెషీన్ గెంతుతుంది, అలాగే వాడితే లోపలి భాగాలు దెబ్బతింటాయి. కొత్త మెషీన్ మొదటి రోజే భయంకరంగా మోగితే ముందు వెనక్కి వెళ్లి చూడండి. తీసిన బోల్టులు వారంటీ కార్డు ఉన్న కవర్‌లోనే దాచండి. ఇల్లు మారేటప్పుడు మళ్లీ బిగించాలి. అవి లేకుండా ప్యాకర్స్ బండిలో గతుకుల మీద పోయిన మెషీన్ కొత్తింట్లో మోగడం మామూలే.

నేల, స్టాండు, కాళ్లు

అసలు దొంగ ఎక్కువసార్లు దొరికేది ఇక్కడే. మన వాష్ ఏరియాల్లో నీళ్లు పోవడానికి నేల తూము వైపు వాలుగా వేస్తారు. మెషీన్‌కేమో సమతలం కావాలి. ఈ రెంటికీ పడక, చాలామంది బజార్లో దొరికే చక్రాల ప్లాస్టిక్ స్టాండు తెచ్చి దానిమీద పెడతారు. కింద ఊడ్చుకోవచ్చు, ఎలుకలు దూరవు అని నమ్మకం. నా సలహా అడిగితే, ఆ స్టాండుని పూలకుండీలకి వాడుకోండి. నాలుగు చక్రాల్లో ఒకటి నేలకి సరిగ్గా ఆనదు, ప్లాస్టిక్ సాగుతుంది, మెషీన్ కదలిక ఇంకా పెరుగుతుంది. మెషీన్ ఎత్తులో ఉండాల్సిందే అంటే ఇనప స్టాండు తీసుకోండి. చక్రాలు లేనిది, కింద మరతిప్పుడు కాళ్లున్నది, బరువు మోయడానికి చేసినది అయి ఉండాలి. ఇంకా మంచిది, మేస్త్రీతో నాలుగంగుళాల ఎత్తు గచ్చు దిమ్మ రసమట్టం పెట్టి వేయించుకోవడం. సొంతిల్లయితే ఒక్కసారి ఖర్చు, ఆ తర్వాత నిశ్చింత.

స్టాండు మోతని కనిపెట్టడం తేలిక. మెషీన్‌ని దింపి గట్టి నేల మీద పెట్టి ఖాళీగా స్పిన్ వేయండి. శబ్దం సగానికి సగం తగ్గితే ఇక ఎవరినీ పిలవక్కర్లేదు.

ఇప్పుడు కాళ్లు. ఇది తొందరపడకుండా చేయాల్సిన పని, ఇద్దరుంటే మేలు.

మెషీన్ నాలుగు కాళ్లూ మరతిప్పుడు బోల్టులే. ఒక్కో కాలికి పైన ఒక లాక్ నట్టు ఉంటుంది. కొన్ని మోడళ్లలో ముందు కాళ్లు మాత్రమే తిరుగుతాయి, వెనకవి స్థిరం. ముందుగా లాక్ నట్టుని పానాతో వదులు చేయండి. తర్వాత నాలుగు కాళ్లూ వీలైనంత లోపలికి తిప్పేయండి. మెషీన్ ఎంత కిందకి ఉంటే అంత నిలకడ, కాళ్లు పొడుగ్గా బయటికి ఉంటే అంత ఊగుడు. ఇప్పుడు రసమట్టం పైన పెట్టి ఎడమ నుంచి కుడికి, ముందు నుంచి వెనక్కి చూడండి. రసమట్టం లేకపోతే ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ ఉంటుంది. మెషీన్ మూత వాలుగా ఉన్న మోడల్ అయితే ఫ్రేము అంచు మీద పెట్టి చూడాలి. పల్లంగా ఉన్న మూల కాలుని కొంచెం కొంచెంగా బయటికి తిప్పుతూ బుడగ మధ్యకి రప్పించండి.

లెవెల్ వచ్చిందని ఆగిపోకండి. లెవెల్ సరిగ్గా ఉన్నా ఒక కాలు నేలకి అరమిల్లీమీటరు ఎత్తులో తేలుతూ ఉండొచ్చు. ఒక్కో కాలి కింద పోస్టుకార్డు మందం అట్టముక్క దూర్చి లాగి చూడండి. ఏ కాలి కిందైనా సులువుగా జారిపోతే ఆ కాలు ఖాళీగా ఉన్నట్టు. దాన్ని కిందకి దించి, ఎదురెదురు మూలలు మళ్లీ నొక్కి చూసి, అప్పుడు లాక్ నట్టుని పైకి, మెషీన్ అడుగు రేకుకి ఆనేలా బిగించండి. ఈ ఆఖరి పని మరిచిపోతే నాలుగు స్పిన్‌లకే కాలు దానంతటదే తిరిగి వదులైపోతుంది. ఇన్‌స్టలేషన్‌కి వచ్చిన కుర్రాళ్లు హడావిడిలో వదిలేసేది కూడా ఈ నట్టునే.

రబ్బరు ప్యాడ్ల సంగతి చాలామంది అడుగుతారు. టైల్స్ మీద మెషీన్ జారకుండా అవి ఉపయోగపడతాయి, కింది ఫ్లాటుకి పోయే అదురు కొంత తగ్గిస్తాయి. కానీ ఊగే మెషీన్‌కి ప్యాడ్లు వేస్తే ఊగుడు పోదు. ముందు లెవెల్, ఆ తర్వాతే ప్యాడ్లు. మూడు కాళ్లకి వేసి నాలుగోదానికి పాత చెప్పు ముక్క పెట్టడం లాంటివి వద్దు.

చివరగా, మెషీన్ గోడకి, కుళాయికి, పక్కనున్న బకెట్లకి తగలకుండా చుట్టూ జానెడు జాగా కాకపోయినా రెండు మూడు అంగుళాలు వదలండి. వెనక డ్రెయిన్ పైపు గోడకి కొట్టుకుని టపటపమంటే ఒక ట్యాగ్‌తో కట్టేస్తే సరి.

పంపు ఫిల్టరు: హుక్కులు, పిన్నీసులు, రూపాయి బిళ్లలు

ఫ్రంట్ లోడ్ మెషీన్ ముందు కింద ఒక మూలన చిన్న తలుపు ఉంటుంది. కొన్నింట్లో కింది పట్టీ మొత్తం తీయాలి. దాని వెనకే గుండ్రటి మరమూత, అదే డ్రెయిన్ ఫిల్టరు. నీళ్లు వదిలేటప్పుడు కటకటమంటే నేరుగా ఇక్కడికి రండి.

తెరిచేముందు పాత తువ్వాలు పరిచి, పళ్లెం పెట్టండి. మూత పక్కన సన్నటి రబ్బరు గొట్టం ఉంటే దాని బిరడా తీసి, లోపల మిగిలిన నీళ్లు ముందు దానిద్వారా వదలండి. రెండు మూడు మగ్గులు వస్తాయి, వాసన కూడా వస్తుంది. తర్వాత మూతని ఎడమవైపుకి మెల్లగా తిప్పండి. నీళ్లు జారడం మొదలవగానే ఆపండి, పళ్లెం నిండితే మూత బిగించి, పళ్లెం ఖాళీ చేసి మళ్లీ తిప్పండి.

బయటికొచ్చేవి చూస్తే ఆ ఇంట్లో ఎవరేం వేసుకుంటారో తెలిసిపోతుంది. జాకెట్టు హుక్కులు, చీరకి పెట్టి మరిచిపోయిన పిన్నీసులు, రూపాయి బిళ్లలు, చొక్కా గుండీలు, తలపిన్నులు, పిల్లల జేబుల్లోని పెన్సిల్ ముక్కలు, వీటన్నిటికీ చుట్టుకున్న వెంట్రుకల ఉండ. ఫిల్టరు కడిగి పక్కన పెట్టి, ఆ రంధ్రంలోకి టార్చి వేయండి. లోపల చిన్న ప్లాస్టిక్ రెక్కలు కనిపిస్తాయి, నీళ్లని తోసేది అవే. వేలితోనో, చెంచా కాడతోనో తిప్పి చూడండి. అంచెలంచెలుగా, ఎక్కడికక్కడ ఆగుతూ తిరిగితే బాగున్నట్టే, ఆ ఆగుడు అయస్కాంతానిది. బొత్తిగా తిరగకపోతే వెనకాల దారమో పిన్నో పట్టేసింది. రెక్క విరిగినా, ఇరుసు మీద వదులుగా అటూ ఇటూ ఊగినా పంపు మార్చాలి. చాలా మోడళ్లకి పంపు విడిగా దొరుకుతుంది, బేరింగ్‌తో పోలిస్తే చిన్న పనే.

ఫిల్టరు మళ్లీ పెట్టేటప్పుడు రబ్బరు వాషరు మీద ఇసుక లేకుండా తుడిచి, మర సరిగ్గా పట్టిందో లేదో చూసుకుని బిగించండి. వంకరగా బిగిస్తే ఇల్లంతా నీళ్లే. నెలకోసారి ఈ పని చేసే ఇంట్లో పంపు గొడవ దాదాపు ఉండదు.

టాప్ లోడ్‌లలో చాలావాటికి పంపే ఉండదు. అడుగున వాల్వు తెరుచుకుని నీళ్లు పల్లానికి పోతాయి. అందుకే వాటి డ్రెయిన్ పైపు నేల మీదే ఉండాలి.

డ్రమ్‌లో ఇరుక్కున్నవి

ఉతుకుతున్నప్పుడు గీరుతున్న శబ్దం వస్తే డ్రమ్ రంధ్రాలన్నీ టార్చి వేసి చూడండి. పిన్నీసు మొన, లోదుస్తుల తీగ రంధ్రంలోంచి తొంగి చూస్తూ ఉంటుంది. సన్నటి ప్లయర్‌తో పట్టి మెల్లగా బయటికి లాగండి, లోపలికి తోయకండి. తోస్తే అది డ్రమ్‌కీ బయటి టబ్‌కీ మధ్య పడి ప్లాస్టిక్ టబ్‌ని కోయడం మొదలెడుతుంది. తలుపు దగ్గరి రబ్బరు మడతలు కూడా వేలితో విప్పి చూడండి. సగం బిళ్లలు అక్కడే ఉంటాయి. అప్పటికే మధ్యలో పడిపోయి, దొర్లుతూ గలగలమంటుంటే మాత్రం టబ్ విప్పాలి, లేదా కింద గొట్టం ఊడదీసి రాబట్టాలి. అది మెకానిక్ పని.

టాప్ లోడ్‌లో అడుగున తిరిగే పళ్లెం పేరు పల్సేటరు. దాని మధ్యలో చిన్న మూత, మూత కింద ఒక స్క్రూ. అది విప్పి పల్సేటర్‌ని పైకి లాగితే కింద చేరిన చెత్త కనిపిస్తుంది. లంగా బొందులు, పైజామా నాడాలు ఇరుసుకి చుట్టుకుంటే కిర్రుకిర్రుమంటుంది. మెత్తటి బ్రష్షుతో కడిగి, స్క్రూ గట్టిగా బిగించండి. స్క్రూ వదులైనా టకటకమంటుంది.

ఇవన్నీ రాకుండా ఉండాలంటే జాకెట్లు, లోదుస్తులు జిప్పున్న నెట్ సంచిలో వేయడమొక్కటే ఉపాయం. ఊడిన హుక్కు సంచిలోనే ఉంటుంది.

సెమీ ఆటోమేటిక్ వాళ్లకి

రెండు టబ్‌ల మెషీన్ మోగిందంటే పదిసార్లకి ఎనిమిదిసార్లు డ్రయ్యర్ వైపే అనుకోవచ్చు. చిన్న టబ్, నిలువుగా 1300 చుట్ల దాకా వేగం, కింద మూడు స్ప్రింగుల మీద మోటారు. బట్టలు ఒక పక్కన కుక్కి మూత వేస్తే టబ్ గోడకి కొట్టుకుంటుంది. పిండిన బట్టలని చుట్టూ సమానంగా అదిమి, వాటిమీద ప్లాస్టిక్ బిళ్ల పెట్టాకే తిప్పాలి. ఆ బిళ్ల ఎక్కడో పోగొట్టుకున్న ఇళ్లే ఎక్కువ. స్పేర్ పార్టుల దుకాణంలో దొరుకుతుంది, తెచ్చుకోండి.

ఖాళీగా కూడా టబ్ ఒరిగి తిరుగుతుంటే కింది స్ప్రింగు ఒకటి తుప్పు పట్టి విరిగుంటుంది. తిరుగుతున్నంతసేపూ కీచుమంటూ కాలిన వాసన వస్తుంటే బ్రేకు పూర్తిగా వదలడం లేదు. మూత తెరవగానే టబ్ ఆగేది ఈ బ్రేకు వల్లే, దాని తీగ సాగితే సర్దాలి. మూత తెరిచినా టబ్ తిరుగుతూనే ఉంటే మాత్రం బాగుచేయించేదాకా వాడొద్దు. చెయ్యి పెడితే బట్టతో పాటు వేళ్లూ చుట్టుకుంటాయి.

గుయ్యిమని మూలుగుతూ మోటారు కదలకపోతే కెపాసిటర్ బలహీనపడి ఉండొచ్చు, లేదా ఇరుసు పట్టేసి ఉండొచ్చు. వెంటనే ఆపేయండి, లేకపోతే వైండింగ్ కాలుతుంది. కెపాసిటర్ జోలికి సొంతంగా వెళ్లకండి. ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది.

వీటి అడుగు చాలావరకు తెరిచి ఉంటుంది. ఎలుకలు దూరి బెల్టు కొరికేస్తాయి, వైర్లూ కొరుకుతాయి. కొరికిన బెల్టు తిరిగినప్పుడల్లా ఒకేచోట టపటపమని కొడుతుంది. అడుగున ఇనప జాలీ బిగించుకోవడం ఏ మెషీన్‌కైనా మంచిదే.

నీళ్లు పట్టేటప్పుడు మోత

వాల్వు బర్రుమంటూ నీళ్లు సన్నగా వస్తుంటే వెనక పైపు విప్పి, వాల్వు నోట్లో ఉన్న చిన్న జల్లెడని ప్లయర్‌తో లాగి పాత టూత్‌బ్రష్షుతో రుద్దండి. బోరు నీళ్ల ఇళ్లల్లో ఇసుక, తెల్ల పొర అందులో గడ్డకడుతుంది. జల్లెడ శుభ్రంగా ఉన్నా అదే పరిస్థితి అయితే పై అంతస్తు వాళ్లు ప్రెషర్ చూసుకోవాలి. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకి సుమారు 1 బార్ ప్రెషర్ ఉంటుంది. ట్యాంకు మీ కుళాయికి 3 మీటర్ల పైనే ఉంటే 0.3 బార్. మీ మోడల్‌కి కనీసం ఎంత కావాలో మాన్యువల్‌లో రాసుంటుంది.

దీనికి పూర్తిగా ఎదురుది ప్రెషర్ పంపులున్న అపార్టుమెంట్లలో వస్తుంది. వాల్వు మూసుకోగానే గోడలోని పైపు 'ధన్' మంటుంది. కుళాయిని సగం కట్టేసి చూడండి, తగ్గకపోతే బయటి పైపుకి క్లాంపులు వేయించండి.

స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బెల్టు

ఫ్రంట్ లోడ్ టబ్ పైనుంచి స్ప్రింగులకి వేలాడుతుంది, కింద షాక్ అబ్జార్బర్లు పట్టి ఉంచుతాయి. టాప్ లోడ్ టబ్‌ని నాలుగు మూలల రాడ్లు మోస్తాయి. ఖాళీ మెషీన్‌లో డ్రమ్‌ని కిందకి నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి నిలిచిపోవాలి. రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బర్లో, రాడ్లో అరిగాయి. టాప్ లోడ్ టబ్ పైనుంచి చూస్తే ఒకవైపు వాలినట్టు కనిపించినా అదే కారణం. మార్చేటప్పుడు ఒక్కటి కాకుండా మొత్తం సెట్టు మార్పించండి. పాతవీ కొత్తవీ కలిస్తే బిగువులో తేడా వచ్చి మళ్లీ మోతే. ఖాళీగా తిరిగినా స్పిన్‌లో దబ్‌దబ్ వస్తూ, షాక్ అబ్జార్బర్లు బాగానే ఉంటే, కాంక్రీటు దిమ్మల బోల్టులు వదులయ్యాయేమో చూడమని మెకానిక్‌కి చెప్పండి.

బెల్టు అరిగి పగుళ్లిస్తే మార్చడమే. పౌడరు జల్లడం, సబ్బు రాయడం లాంటి చిట్కాలు నమ్మొద్దు. పాతకాలపు మోటార్లలో కార్బన్ బ్రష్షులు అరిగినా గీరుడు శబ్దం, నిప్పురవ్వలు వస్తాయి, ఇవి చవకే.

నిజంగానే బేరింగ్ అయితే

రోడ్డు మీద లారీ పోతోందనిపించే హోరు, వేగంతో పాటు పెరిగి, ఖాళీగా తిప్పినా తగ్గకపోతే ఈ పరీక్ష చేయండి. ఫ్రంట్ లోడ్ తలుపు తెరిచి, డ్రమ్ పై అంచుని రెండు చేతులా పట్టి పైకి ఎత్తండి. డ్రమ్, టబ్, రబ్బరు అన్నీ కలిసి కదిలితే అది స్ప్రింగుల ఊగుడు, సమస్య లేదు. రబ్బరు కదలకుండా డ్రమ్ ఒక్కటే టక్కుమని లేచి పడితే బేరింగ్ అరిగినట్టు. వెనక తుప్పు రంగు నీళ్ల చారలుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

బేరింగ్‌కి ముందు పోయేది దాని ముందున్న రబ్బరు సీలు. సీలు లోంచి సబ్బునీళ్లు దిగి, గ్రీజు కడిగేసి, గుండ్లని తుప్పు పట్టిస్తాయి. అందుకే సీలు మార్చకుండా బేరింగ్ ఒక్కటే మారిస్తే కొన్నాళ్లకే అదే కథ. డ్రమ్ వెనక మూడు కాళ్ల అల్యూమినియం స్పైడరు ఉంటుంది, దాన్నీ సబ్బునీళ్లు తినేశాయేమో ఆ విప్పిన పూటే చూడాలి. అది విరిగితే డ్రమ్ వంకరగా తిరిగి టబ్‌నే పగలగొడుతుంది. కాబట్టి ఈ హోరు మొదలయ్యాక, చవకగా సర్దుకుందామని నెలల తరబడి లాగకండి.

కొన్ని మోడళ్లలో టబ్ రెండు సగాలూ కలిపి అతికేసి ఉంటాయి. అప్పుడు కంపెనీవాళ్లు టబ్ మొత్తం మార్చాలంటారు, బయటి మెకానిక్కులు కోసి మళ్లీ బిగిస్తామంటారు. ఎనిమిది పదేళ్లు వాడిన మెషీన్‌కి, టబ్ ఖర్చు కొత్తదాని ధరలో సగానికి దగ్గరగా వస్తే నేనైతే కొత్తదే కొంటాను. నాలుగేళ్లదైతే బాగుచేయిస్తాను.

మెకానిక్‌ని పిలిచేటప్పుడు

కస్టమర్ కేర్ నంబరు ఇంటర్నెట్‌లో వెతికి మొదట కనిపించినదానికి చేయకండి. దొంగ నంబర్లు బోలెడు. మాన్యువల్ మీదో, మెషీన్ మీద స్టిక్కర్ మీదో ఉన్నది వాడండి. ఓటీపీ, ముందస్తు డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి.

మోటారుకి పదేళ్ల వారంటీ అని బోర్డు మీద పెద్దగా రాసుంటే అది మోటారుకి మాత్రమే. బేరింగ్, షాక్ అబ్జార్బర్, పంపు సాధారణంగా మామూలు వారంటీ కిందే వస్తాయి. విజిట్ చార్జీ ఎంత, పార్టు ఎంత, కూలీ ఎంత అని విడివిడిగా ముందే అడగండి. మార్చిన పార్టుకి ఎన్నాళ్ల వారంటీయో బిల్లు మీద రాయించుకోండి. పాత పార్టు చేతికివ్వమనండి, పోయిన బేరింగ్‌ని వేళ్లతో తిప్పితే ఆ గరుకు మీకే తెలుస్తుంది. వారంటీలో ఉండగా కంపెనీ తిప్పుకుంటూ ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

పని అయ్యాక డబ్బులిచ్చే ముందు ఖాళీగా ఒక స్పిన్, నాలుగు తడి తువ్వాళ్లు వేసి ఇంకో స్పిన్, పూర్తి వేగానికి వెళ్లేదాకా మెకానిక్ ఎదురుగానే తిప్పించండి. విప్పేటప్పుడు మెషీన్ జరిపి ఉంటారు కాబట్టి కాళ్లు, లాక్ నట్లు కూడా ఆయన చేతే బిగించి వెళ్లమనండి.